వీధిబడిలోని రెండవ గురువు

1827వ సంవత్సరము జూలై 6వ తేదీ రాత్రి, మద్రాసు రాజధాని గవర్నరు సర్ థామస్ మన్రో పత్తికొండలోని విడిదియందు కలరా సోకి మరణించెను. పదవి నుండి విరమించి స్వదేశమునకు మరలిపోవుటకు సర్వమును సిద్ధము చేసికొన్న ఆ వృద్ధుడు, 1800 మొదలు 1807 వరకు తాను ప్రధాన కలెక్టరుగా ఉండి ఊరూర తిరిగి, భూములు కొలిపించి, శిస్తులు నిర్ణయించిన దత్తమండలముల ప్రజలను కడసారి చూచి సెలవు గైకొనవలెనను కోరికతో ఇంత దూరము వచ్చి ఇచ్చటనే కన్ను మూసెను. దేహమును గుత్తికి తరలించి అచ్చట ఖననము చేసిరి. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి చేర్చిరి. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థము ప్రభుత్వమువారు చెట్లతోపు వేయించి రాతిమెట్ల బావి త్రవ్వించిరి. బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడుకొన్న తల్లిదండ్రులు ఈ సీమలో చాలకాలము వరకు ఉండిరి.

మన్రో పేరు వినగానే మనకు రైత్వారీ పద్ధతి జ్ఞప్తికి వచ్చును. ఆయన మరణమునకు ఐదేండ్లు ముందుగా, 1822 జూన్ 25వ తేదీన వ్రాసిన ఒక చిన్న ఉత్తరువు మాత్రము పండితులకు తప్ప అన్యులకు అంతగా తెలియదు. ప్రతి కలెక్టరును తన జిల్లాలో పాఠశాలలెన్ని యున్నవో, వానియందు చదువువారెందరో, వారే కులములవారో, ఏమి చదువుచున్నారో విచారించి తెలుపవలసినదని ఆ ఉత్తరువు ఆజ్ఞాపించినది. దాని ఫలితముగా వచ్చిన నివేదికలలో బళ్ళారి కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ కాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన పంపినది అన్నిటికంటె సమగ్రము. ఈ కాంబెల్ 1816లో తెలుగు భాషకు ఆంగ్లమున వ్యాకరణము రచించినవాడు. అందుచేత ఆయన మన బడిలోనికి తొంగిచూచిన చూపు పన్ను వసూలు చేయువాని చూపు కాక, భాషనెరిగినవాని చూపయ్యెను. పత్తికొండ తాలూకా 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు గాని బళ్ళారి నుండి విడివడలేదు. కావున కాంబెల్ నివేదిక మన తాలూకా వీధిబడుల చరిత్ర కూడ అగుచున్నది.

ఈ నేలపై గురుశిష్యుల ప్రసక్తి దొరతనముతో మొదలైనది కాదు. పత్తికొండకు సమీపముననున్న రాజుల మందగిరి గుట్టపైనను, గుత్తికి పోవు త్రోవలోని ఎర్రగుడి బండలపైనను అశోకుని శాసనములు చెక్కబడియున్నవి. ఎర్రగుడి లఘు శిలాశాసనములో ఆ చక్రవర్తి బ్రాహ్మణాచార్యులను మాత్రమే కాక, ఏనుగులను నడపువారిని, కరణములను, రథవిద్య నేర్పువారిని కూడ పేర్కొని, మీరు మీ శిష్యులకు పూర్వమర్యాద తప్పకుండ నేర్పుడని ఆదేశించెను. చదువు చెప్పువాడొక్కడే కాడని, జీవితముతో సంబంధమున్న ప్రతి పనివాడును ఒక విధమున గురువేయని రెండువేల రెండువందల సంవత్సరములకు పైబడిన ఆ లిపి చెప్పుచున్నది. ఆ శిలలను చూడబోవువారు అక్షరముల ప్రాచీనతను మెచ్చుకొని వచ్చెదరు; ఈ భావమును కూడ గమనించిన బాగుండును.

ఇక కాంబెల్ చెప్పిన లెక్కలు. అప్పటి బళ్ళారి జిల్లా జనసంఖ్య 9,27,857. పాఠశాలలు 533. విద్యార్థులు 6,641, వీరిలో హిందువులు 6,398, ముసల్మానులు 243. బడికి పన్నెండుగురు చొప్పున పడిరన్నమాట. భాషల వారీగా చూచినచో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీ 23, పారసీకము 21, తమిళము 4, ఇంగ్లీషు 1, బ్రాహ్మణులకు ప్రత్యేకించిన విద్యాస్థానములు 23. బాలికలు అరువదిమంది మాత్రమే. జనములో వేయింటికి ఏడుగురైనను చదువుచుండలేదని కలెక్టరు విచారముతో వ్రాసెను.

ఈ సంఖ్యలకంటె ఆయన వర్ణించిన బడి నడక హృదయమును ఎక్కువగా ఆకర్షించును. ఐదేండ్ల బిడ్డకు వినాయకుని పూజచేయించి, బియ్యములో వ్రేలితో అక్షరములు దిద్దించి విద్యారంభము చేయుదురు. ఉదయము ఆరుగంటలకు పిల్లలు బడి చేరుదురు. అందరికంటె ముందు వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసి గౌరవింతురు. రెండవవాని చేతిలో సున్న చుట్టుదురు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి అధికము. సోమరులకు కఠినశిక్షలును కలవు. వానిని మెచ్చుకొన పనిలేదు. వ్రాతకు రెండు సాధనములు: అన్నమును బొగ్గుపొడిని కలిపి పూసిన పలక యొకటి, గంజితో బిగిసిన బట్టను పుస్తకమువలె మడిచి నల్లని పూత పూసిన కడితము మరియొకటి. బలపముతో వ్రాసి తడిగుడ్డతో తుడిచివేసిన, అదే పలక మరల నూరుమారులు పనికివచ్చును. పేదసీమకు తగిన పొదుపది.

అందరును కూడిన తరువాత విద్యార్థులను వారి సామర్థ్యమును బట్టి సాధారణముగా నాలుగు వర్గములుగా విభజింతురు. పై వర్గములను అయ్యవారు స్వయముగా చూచుకొనును. క్రింది వర్గములను ముందు నేర్చిన పెద్దపిల్లలకు అప్పగించును. అయినను ఆయన దృష్టి బడియంతటి మీదను ఉండును. బిడ్డ తన శక్తి కొలది, తన వేగము కొలది, ఒక వర్గము నుండి మరియొక వర్గమునకు ఎక్కును. ఏటికొకసారి అందరిని ఒక్కమారుగా పైకి త్రోయు పద్ధతి అప్పుడు లేదు. గుణింతము రాని బిడ్డ గుణింతము వచ్చువరకు అచ్చటనే ఉండును. కాని ఒంటరిగా ఉండడు. నిన్నమొన్ననే ఆ గుణింతముతో కుస్తీపట్టి గెలిచిన మరియొక బాలుడు అతని ప్రక్కన ఇసుకలో కూర్చుండి, అక్షరమును నోటితో పలుకుచు వ్రేలితో వ్రాయించుచుండును. ఎచ్చట తడబడునో వానికి తెలియును; తానును అచ్చటనే తడబడియున్నాడు గనుక. పెద్దవారు మరచిపోయిన కష్టమును చిన్నవాడింకను మరవలేదు. చెప్పుచు చెప్పుచు తన చదువును కూడ దృఢపరచుకొనును. ఈ ఏర్పాటును కాంబెల్ మనసార శ్లాఘించి, ఇంగ్లండులో దీనిని అనుకరించుట యుక్తమే యయ్యెనని వ్రాసెను.

ఆ అనుకరణ కథ మద్రాసులోనే ఆరంభమైనది. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో జన్మించిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు 1787లో మద్రాసు చేరి, 1789లో ఎగ్మూరునందలి అనాథ బాలుర శరణాలయమునకు అధిపతి యయ్యెను. సైనికుల సంతానమైన ఆ పిల్లలకు చదువు అబ్బకుండెను; జీతమునకు పనిచేయు ఉపాధ్యాయులకు ఉత్సాహము లేకుండెను. ఒకనాడు గుఱ్ఱముపై పోవుచు బెల్ ఒక దేశీయపు బడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచి, తిరిగి వచ్చి, తన శరణాలయములో అట్లే చేయుడని ఉపాధ్యాయులను కోరెను. వారొప్పుకొనలేదు. అప్పుడాయన జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలుని పిలిచి, అక్షరములు నేర్పు పని వానికి అప్పగించెను. పెద్దలు కాదన్న పనిని ఆ బాలుడు చేసి చూపెను. బెల్ 1796లో స్వదేశము చేరి, మరుసటి సంవత్సరము తన ప్రయోగమును గూర్చి పుస్తకమును ప్రకటించెను. లండనులో జోసెఫ్ లాంకాస్టర్ అటువంటి పద్ధతినే మరియొక విధముగా ప్రచారము చేసెను. 1811లో నేషనల్ సొసైటీ ఏర్పడి బెల్ పద్ధతిని ఇంగ్లండు పేదపిల్లల బడులలో వ్యాపింపజేసినది. దానికి మద్రాసు పద్ధతి యని పేరు వచ్చెను. సెయింట్ ఆండ్రూస్‌లో బెల్ ధనముతో నిర్మితమైన విద్యాలయము నేటికిని మద్రాసు కాలేజీ అనియే పిలువబడుచున్నది. బెల్ 1832లో మరణింపగా వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేసిరి.

మన అరుగుల మీద పుట్టిన ఒక ఉపాయము ఇంత దూరము పోయెనని సంతసించుట సహజమే, నేనును సంతసించితిని. అయినను దాని లోపములను దాచరాదు. ఇంగ్లండులో ఒక్క గురువు క్రింద వందలకొలది పిల్లలను కూర్చుండబెట్టి, మానిటర్లనబడు పెద్దపిల్లల చేత వల్లెవేయించి, ఇది చౌక యని మురిసిపోయిన కాలము వచ్చెను. అర్థము తెలియని వల్లెవేత మన బడులలోను ఉండెననియు, పద్యములు కంఠస్థమైనను భావము శూన్యమనియు కాంబెల్ స్వయముగా ఆక్షేపించెను. చిన్నపిల్లవాని చేత ఉచితముగా చేయించుకొను చాకిరీ ఎంతకాలము నిలుచును? 1846లో ఆంగ్ల ప్రభుత్వము మానిటర్లకు బదులు పదమూడేండ్ల వయసు మొదలు ఐదేండ్లు శిక్షణ పొందుచు వేతనము కూడ పొందు విద్యార్థి-ఉపాధ్యాయులను నియమించు పద్ధతిని తెచ్చినది. వెనుకబడినవానికి తోడుండు మనిషి కావలెను, ఆ మనిషికి శిక్షణయు వేతనమును కావలెనని వారు అరువది సంవత్సరములలో తెలిసికొనిరి.

మన వీధిబడికి అంతకంటె పెద్ద లోపము మరియొకటి కలదు. ఆ అరుగు ఎక్కగలిగినవారెవరు? తొమ్మిదిలక్షల పైబడిన జనములో చదువుచున్న బాలికలు అరువదిమంది. అంటరానివారని దూరముగా ఉంచబడిన వాడల బిడ్డలకు ఆ ఇసుక అందలేదు. ప్రక్కన కూర్చుండి నేర్పుట అను సద్గుణము, ప్రక్కన కూర్చుండనీయని దుర్గుణముతో ఒక్క కప్పు క్రిందనే కాపురముండెను. పూర్వకాలపు బడిని కీర్తించువారు ఈ మాటను విడిచి కీర్తించినచో అది అసత్యమగును.

ఎక్కినవారును ఏల దిగిపోయిరో కాంబెల్ తెలిపిన కారణము ఈనాటికిని మన తాలూకాకు వర్తించుచున్నది. సీమగుడ్డలు దిగుమతియై నేతగాండ్ర వృత్తి క్షీణించుటవలనను, ఇతర కారణములవలనను దేశము పేదదై, మధ్యతరగతివారును అంతకు క్రిందివారును బిడ్డల చదువు వ్యయము భరింపలేకున్నారనియు, పసివారి లేత అవయవములు ఏ కొంచెము పనికైనను ఓర్వగలిగినంతనే వారి సహాయము కుటుంబమునకు అవసరమగుచున్నదనియు ఆయన వ్రాసెను. పూర్వము బడులున్న అనేక గ్రామములలో ఇప్పుడు బడులు లేవనియు చెప్పెను.

మన్రో నివేదికలన్నిటిని చదివి, 1826 మార్చి 10వ తేదీన తన అభిప్రాయమును వ్రాసెను. రాజధాని అంతటను 12,498 బడులు, జనసంఖ్య 1,28,50,941. గురువులు పిల్లల యొద్ద నెలకు నాలుగణాలు మొదలు ఎనిమిదణాల వరకు పుచ్చుకొని, మొత్తముమీద ఆరేడు రూపాయలకు మించి సంపాదింపకున్నారనియు, అంత స్వల్పాదాయమునకు సమర్థులు రారనియు ఆయన గ్రహించెను. ప్రతి జిల్లాకు రెండు పెద్ద పాఠశాలలు, ప్రతి తాసిల్దారీకి ఒక పాఠశాల స్థాపించి, తాసిల్దారీ గురువునకు నెలకు తొమ్మిది రూపాయలు, జిల్లా పాఠశాల గురువునకు పదునైదు రూపాయలు ప్రభుత్వమే ఈయవలెనని ప్రతిపాదించెను. మరుసటి యేడు ఆయన పత్తికొండలో మరణించెను. తలపెట్టిన మూడువందల తాసిల్దారీ బడులలో నూరైనను వెలయకమునుపే ఉత్సాహము చల్లారెను. 1836లో వానిని మూసివేసిరి. ఆపై ప్రభుత్వ ధనము ఆంగ్లవిద్య వైపు ప్రవహించినది. వీధిబడి క్రమముగా గ్రాంటుబడిగా, బోర్డుబడిగా, మండల పరిషత్తు బడిగా రూపాంతరము చెందినది. తరగతులు వచ్చినవి, ఏటేట పరీక్షలు వచ్చినవి, తనిఖీలు వచ్చినవి. ప్రక్కన కూర్చుండువాడు మాత్రము అదృశ్యుడయ్యెను.

ఫలితము 1929లో హార్టాగ్ కమిటీ కంట పడినది. మొదటి తరగతిలో చేరినవారిలో అధికసంఖ్యాకులు నాల్గవ తరగతి చేరకయే జారిపోవుచున్నారనియు, పలువురు ఒక తరగతిలోనే ఏండ్ల తరబడి నిలిచిపోవుచున్నారనియు ఆ కమిటీ తేల్చినది. స్వాతంత్ర్యానంతరము 1964 – 66లో కొఠారీ కమిషను ప్రతి పది ఉన్నత పాఠశాలలకు సందర్శక సలహాదారుడొకడు ఉండవలెనని సూచించినది. పత్తికొండ ప్రాంతపు బడులలో అట్టి సలహాదారుని చూచితినని చెప్పువారు నాకు ఇంతవరకు తటస్థింపలేదు.

ఈ సీమ బిడ్డ ఏల వెనుకబడునో తెలియవలెనన్న, కార్తీక మార్గశిరములలో ఈ పల్లెలకు రావలెను. వాన చాలక వేరుసెనగ ఎండిపోయినను, టమోటా ధర పడిపోయి గంపలు రోడ్డుపై పారబోయవలసివచ్చినను, పత్తికొండ, ఆలూరు, ఆదోని, కోసిగి ప్రాంతముల కుటుంబములు మూటముల్లె కట్టుకొని సుగ్గికి పోవును. గుంటూరు సీమలో పత్తి తీయుటకును, మిరపకాయలు కోయుటకును పోయి, ఎండలు ముదిరిన తరువాత గాని మరలిరారు. ఇంట ముసలివారున్న బిడ్డ ఊర నిలుచును. లేనివాడు తల్లి కొంగు పట్టుకొని పోవును. నాలుగు నెలల చదువు పోయినవాడు తిరిగి వచ్చి తన తరగతిలో కూర్చుండినప్పుడు, పుస్తకము ముందుకు నడిచిపోయి యుండును; అయ్యవారు దానిని వెనుకకు త్రిప్పలేరు, త్రిప్పినచో తక్కినవారి చదువు నిలుచును. ఆ బిడ్డ మందబుద్ధి కాడు. వానికి కావలసినది నాలుగు నెలల పాఠమును నాలుగు వారములలో ఓపికతో చెప్పగల మరియొక మనిషి. 2011 జనగణన ప్రకారము కర్నూలు జిల్లాలో నూటికి అరువదిమంది మాత్రమే అక్షరాస్యులు; స్త్రీలలో సగముమంది కూడ కారు. ఆ లెక్కల వెనుక ఇట్లు జారిపోయిన నాలుగేసి నెలలు ఎన్నియో కలవు.

ఆ మరియొక మనిషిని తెచ్చుటకు ప్రయత్నములు జరుగకపోలేదు. 1990లలో జిల్లా ప్రాథమిక విద్యా పథకము మన రాష్ట్రమున తొలిసారి ప్రవేశించినప్పుడు ఎన్నుకోబడిన ఐదు జిల్లాలలో కర్నూలు ఒకటి. విద్యా వాలంటీర్లు వచ్చిరి: ఊరిలోనే చదువుకొన్న యువకులు, యువతులు, స్వల్ప గౌరవవేతనముపై బడికి వచ్చి గురువునకు తోడునిలిచిరి. తల్లిదండ్రులు వలసపోయినను బిడ్డలు ఊరనే ఉండి చదువుకొనుటకు సీజనల్ హాస్టళ్ళు తెరచిరి. అచ్చట వండి పెట్టి, రాత్రి కాపుండి, జ్వరము వచ్చిన నుదురు తడిమి చూచువారు ఆ ఊరి స్త్రీలే. 2004లో ఆరంభమైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములు బడి మానిన బాలికలను మరల చేరదీసినవి; అందు వంటవారు, రాత్రి కాపలా ఉండు స్త్రీలు, నర్సమ్మలు బాలికలకు ఉపాధ్యాయినులకంటె తక్కువవారు కారు. వికలాంగులైన బిడ్డలకు మండల కేంద్రములలో భవిత కేంద్రములు కలవు. రిసోర్సు టీచర్లు అచ్చట నేర్పుటయే కాక, కదలలేని బిడ్డ ఇంటికి స్వయముగా పోయి చెప్పుదురు. అవ్వ మంచము ప్రక్కన చాపపై కూర్చుండి, నోరు తిరుగని పిల్లచేత అమ్మ యను మాట పలికింపజూచు ఆ టీచరు పనికి ఏ పరీక్షా ఫలితములలోను స్థానము లేదు.

మధ్యాహ్న భోజనపు వంటమ్మను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. 2001 నవంబరు 28వ తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశముననుసరించి 2003 జనవరి నుండి మన రాష్ట్రపు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో వేడి అన్నము పెట్టుచున్నారు. ఇరువదియైదుగురు పిల్లల వరకు ఒక వంటమనిషి, నూరుమంది వరకు ఇద్దరు, ఆపై ప్రతి నూరుమందికి మరియొకరు అని నియమము. నేను మాటలాడిన బడిపంతుళ్ళందరును ఒక్క విషయమున ఏకాభిప్రాయులు: ఏ బిడ్డ రెండుదినములుగా బడికి రాలేదో హాజరుపట్టికకంటె ముందు వంటమ్మకు తెలియును. ఏ బిడ్డ ఉదయము ఏమియు తినక వచ్చినదో, ఎవరి తల్లి నిన్న సుగ్గికి బయలుదేరినదో, ఎవరు అన్నము ముందర ఏడ్చుచున్నారో ఆమె చూచును. ఊరి వార్తయంతయు ఆమె కట్టెలపొయ్యి చుట్టును తిరుగును. ఆమె చెప్పిన మాటపై పంతులుగారు ఇంటికి పోయి పిలుచుకొని వచ్చిన బిడ్డలు ప్రతి పల్లెలో ఉందురు. అట్టి ఆమెకు 2009లో కేంద్రప్రభుత్వము నిర్ణయించిన గౌరవవేతనము నెలకు వేయిరూపాయలు. 2019లో మన రాష్ట్రమున మూడువేలు చేసిరి. స్వల్పాదాయమునకు సమర్థులు రారని మన్రో 1826లో వ్రాసిన మాట, ఈ స్త్రీల విషయమున తప్పినది. వీరు సమర్థులై యుండియు వచ్చిరి, వచ్చి నిలిచిరి. వారి మంచితనమును ప్రభుత్వము తన పొదుపుగా లెక్కించుకొనుట న్యాయము కాదు.

తోడుమనిషి వలన చదువు నిజముగా బాగుపడునా యను ప్రశ్నకు ఈ కాలమున పరీక్షించి చూచిన సమాధానములున్నవి. ముంబయి, వడోదర పట్టణములలో ప్రథమ్ సంస్థ బాలసఖి యను పేర ఆ వాడలోని యువతులనే నియమించి, తరగతిలో వెనుకబడిన పిల్లలను దినమునకు రెండుగంటలు ప్రత్యేకముగా కూర్చుండబెట్టి చదివించినది. ఆ పిల్లల చదువు స్పష్టముగా మెరుగుపడెనని 2007లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందే, కడప జిల్లా కూడ చేరిన ఐదు జిల్లాలలో, నూరు గ్రామీణ పాఠశాలలకు ఒక్కొక్క అదనపు కాంట్రాక్టు ఉపాధ్యాయుని ఇచ్చి రెండు సంవత్సరములు పరిశీలించిరి. వారి జీతము స్థిర ఉపాధ్యాయుని జీతములో సుమారు ఐదవవంతు. అయినను ఆ బడుల పిల్లలు గణితమునను భాషలోను తక్కినవారిని మించిరి. కోవిడ్ అనంతరము తమిళనాడు ప్రభుత్వము 2021లో ఇల్లం తేడి కల్వి యను పథకము క్రింద ఊరి యువతులను వాలంటీర్లుగా నియమించి సాయంకాలపు బడులు నడిపించినది. బడులు మూతపడి పోయిన చదువులో మూడింట రెండు వంతులు ఆరు నెలలలో తిరిగివచ్చెననియు, ఆ పునరుద్ధరణలో సుమారు నాల్గవవంతు ఈ సాయంకాలపు బడుల వలననే యనియు పరిశోధకులు తేల్చిరి.

ప్రతికూల సాక్ష్యమును కూడ విడువరాదు. మద్రాసు పద్ధతిని స్వీకరించిన ఇంగ్లండులోనే, ఇరువది యొకటవ శతాబ్ది ఆరంభమున తరగతి సహాయకులను వేలకొలది నియమించిరి. 2003 నుండి 2008 వరకు లండను విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలింపగా, సహాయకుల తోడ్పాటు అధికముగా పొందిన పిల్లలే తక్కువ పురోగతి సాధించిరని తేలెను. కారణము సహాయకుల అసమర్థత కాదు. వారికి ముందుగా పాఠము చెప్పినవారు లేరు. గురువుతో కూర్చుండి ఆలోచించుకొనుటకు సమయము ఈయలేదు. వెనుకబడిన బిడ్డను పూర్తిగా వారికి వదలివేసి గురువు తన దృష్టిని మరల్చుకొనెను. కాంబెల్ వర్ణించిన బళ్ళారి బడిలో పెద్దపిల్లవాడు క్రింది వర్గమును చూచుకొనుచుండగా, అయ్యవారి దృష్టి బడియంతటి మీదను ఉండెనని మరవరాదు. పద్ధతి ప్రాణమంతయు అక్కడనే యున్నది. తోడుమనిషి గురువునకు బదులు కారాదు. గురువు చేతి క్రింద, గురువు ఎరుకలో, శిక్షణతో పనిచేయవలెను. ఐదవవంతు జీతముతో పని జరుగుచున్నదిగదా యని ఉపాధ్యాయ నియామకములు మానుకొను ప్రభుత్వములకు ఆ నూరు బడుల ఫలితము సాకుగా ఉపయోగపడరాదని కూడ నేను గట్టిగా కోరుదును.

చట్టము ఏమి చెప్పుచున్నది? 2009 విద్యాహక్కు చట్టము నాల్గవ విభాగము ప్రకారము, బడి మానిన బిడ్డ తన వయసుకు తగిన తరగతిలో చేరి, తోటివారితో సమానమగుటకు ప్రత్యేక శిక్షణ పొందు హక్కు కలిగియున్నది. అది దయాధర్మము కాదు, హక్కు. 2020 జాతీయ విద్యావిధానము తోటి విద్యార్థులు ఒకరికొకరు చెప్పుకొను పద్ధతిని ప్రోత్సహింపవలెననియు, బడులకు సలహాదారులను, సామాజిక కార్యకర్తలను అనుసంధింపవలెననియు వ్రాసినది. రెండువందల సంవత్సరముల క్రిందట మన ఇసుకలో కూర్చున్న ఆ పెద్దపిల్లవాడు మరల విధానపత్రములలోనికి వచ్చెను; పత్తికొండ మండలపు బడిలోనికి మాత్రము పూర్తిగా రాలేదు. వాలంటీర్లు ఒక యేడు ఉందురు, మరుసటి యేడు ఉండరు. సీజనల్ హాస్టలు వలస మొదలైన తరువాత తెరచిన సంవత్సరములును కలవు. సుగ్గి బండ్లు కదలకమునుపే, దసరా సెలవులలోపుననే, హాస్టలు తెరచి వంటసరుకు చేరవేయుట అధికారులకు అసాధ్యమైన పనియా? వంటమ్మకు గౌరవవేతనమునకు బదులు నెలనెల ఆలస్యము లేని వేతనమిచ్చి, ఆమెను పాఠశాల సిబ్బందిలో ఒకరిగా గుర్తించుట అంత భారమా? కావని నా దృఢ నమ్మకము.

పాఠకులలో పల్లెలకు చెందినవారికి ఒక విన్నపము. ప్రతి ప్రభుత్వ పాఠశాలకును చట్టప్రకారము యాజమాన్య కమిటీ యున్నది. అందు నాల్గింట మూడు వంతులు తల్లిదండ్రులే, సభ్యులలో సగము స్త్రీలు. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక వ్రాయు అధికారము ఆ కమిటీదే. రాబోవు సమావేశమునకు తప్పక పొండు. గోడలకు సున్నము, కుళాయికి నీరు అడుగుట మంచిదే. వానితోబాటు ఈ తరగతిలో చదువున వెనుకబడిన బిడ్డలెందరు, వారి ప్రక్కన కూర్చుండువారెవరు, వారికి ఈయేడు జీతమెప్పుడు ముట్టినది అను మూడు ప్రశ్నలను అడిగి, వాని సమాధానములను ఆ ప్రణాళికలో వ్రాయింపుడు. వ్రాసినదానిని మండల విద్యాధికారికి పంపి, రసీదు పుచ్చుకొనుడు.